ట్రయాంగిల్, రేడియం కోటు, పసిబిడ్డ సీటు

తెనాలిని ఆంధ్రా ప్యారిస్ అని మురిపెంగా పిలుచుకుంటాం. అసలు ప్యారిస్‌లో 1909 అక్టోబరు 11న కొన్ని దేశాల ప్రతినిధులు కూర్చుని, ఒక దేశపు కారు ఇంకో దేశంలో తిరగాలంటే దానికి ఏమేం ఉండాలో రాసుకున్నారు. గుంటూరు నుంచి తెనాలి మీదుగా రేపల్లెకు రైలు రావడానికి అప్పటికింకా ఏడేళ్లుంది.

ఆ జాబితా ఇప్పుడు చదివితే ముచ్చటేస్తుంది. ఒకటి పట్టకపోతే రెండోది పట్టేలా రెండు బ్రేకులు. ముందు రెండు దీపాలు, వెనక ఒకటి. ఊళ్లో మోగించడానికి బొంగురు గొంతు హారను. బండి బరువు 350 కిలోలు దాటితే రివర్స్ గేరు. ఏ దేశం బండో చెప్పే అక్షరాలతో వెనక ఒక కోలపలక. దారిపక్కన పెట్టే హెచ్చరిక బొమ్మలు నాలుగే: ఎగుడుదిగుడు, మలుపు, కూడలి, రైలు గేటు. కారులో కూర్చున్నవాడి క్షేమం గురించి మాత్రం పెద్దగా పట్టించుకోలేదు. అప్పటి భయమంతా ఈ కొత్త బండి ఎవరి మీదకి పోతుందోనని.

లోపలివాడి సంగతి తేలడానికి యాభై ఏళ్లు పట్టింది. స్వీడన్ ఇంజనీరు నీల్స్ బోలిన్ అంతకుముందు సాబ్ కంపెనీలో యుద్ధ విమానాలకు సీట్లు చేసేవాడు. ప్రమాదంలో పైలట్‌ను సీటుతో సహా బయటికి విసిరేసే సీట్లవి. అలాంటివాడు వోల్వోలో చేరి, మనిషిని సీటుకు అంటిపెట్టే మూడు కొసల బెల్టు తయారుచేశాడు. 1959లో అది కార్లలోకి వచ్చింది. పేటెంటు ఉన్నా మిగతా కంపెనీలను వోల్వో వాడుకోనిచ్చింది. 1970లో ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం బెల్టు పెట్టుకోవడాన్ని తప్పనిసరి చేస్తూ చట్టం చేసింది. మన కార్లలో ముందు సీట్లకు బెల్టు తప్పనిసరి అయింది 1994లో. కానీ బెల్టు కారులో ఉంటే చాలదు, పెట్టుకోవాలి. నందమూరి హరికృష్ణ అంటే తండ్రి ఎన్నికల ప్రచారానికి చైతన్యరథం తోలిన చెయ్యి. ఊరూరా తండ్రిని తిప్పిన ఆ మనిషి 2018 ఆగస్టు 29న నల్లగొండ జిల్లాలో తన కారులోంచి బయటికి ఎగిరిపడి చనిపోయారు. బెల్టు పెట్టుకోలేదని అప్పట్లోనే వార్తలొచ్చాయి.

బెల్టు కాక కారులో ఇంకేం ఉండాలన్నది దేశానికో తీరు. మన ప్రాంతంవాళ్లు ఎక్కువగా ఉండే అమెరికాలో మామూలు కారుకు ట్రయాంగిల్, అంటే బండి ఆగిపోతే వెనక పెట్టే ఎర్ర త్రికోణం, ఉండాలన్న నియమం లేదు. పెద్ద ట్రక్కులకైతే మూడు ఉండాలి. అక్కడ గట్టిగా అడిగేది పసిబిడ్డ సీటు గురించి. 1978లో టెనెసీ రాష్ట్రం మొదలుపెట్టిన చట్టం 1985 నాటికి అన్ని రాష్ట్రాలకూ పాకింది. కూతురి పురుటికని డాలస్‌కో న్యూజెర్సీకో వెళ్లిన తెనాలి, బాపట్ల అమ్మమ్మలకు ఇది ఆస్పత్రి గుమ్మంలోనే ఎదురవుతుంది. “ఇంత నలుసుని వెనక్కి తిప్పి బిగించేస్తారేంటే, నా ఒళ్లో పడుకోబెట్టుకుంటా కదా!” అని కూతురి మీద విసుక్కోని అమ్మ అరుదు. పసికందుకు తల బరువు, మెడ లేతది. ముందుకి తిరిగి ఉంటే గుద్దిన ఊపుకి తల విసురుగా వంగిపోతుంది. వెనక్కి తిరిగి ఉంటే ఆ దెబ్బను సీటు డొప్ప వీపు పొడవునా పంచుకుంటుంది. ఆ ఊపులో అమ్మమ్మ చేతులు ఎంత గట్టిగా పట్టుకున్నా బిడ్డ ఆగదు.

యూరప్ బెంగ వేరు. బండి ఆగిపోయాక దాన్నీ, దిగినవాణ్నీ వెనకొచ్చేవాడు చూడాలి. 1968 వియన్నా ఒప్పందం ట్రయాంగిల్‌కు కొలతలు రాసింది: ఒక్కో భుజం కనీసం 40 సెంటీమీటర్లు, ఎర్ర అంచు కనీసం 5. తర్వాత మనిషి ఒంటి మీదకి రేడియం కోటు వచ్చింది. 2008లో ఫ్రాన్స్ దాన్ని తప్పనిసరి చేస్తూ, ఫ్యాషన్ ప్రపంచపు దొర కార్ల్ లాగర్‌ఫెల్డ్‌కే ఆ పసుపు కోటు తొడిగి ప్రకటన వేసింది. ఇది చూడ్డానికి అసహ్యం, దేనికీ నప్పదు, అయినా ప్రాణం కాపాడుతుందని ఆయన చేతే చెప్పించింది. పదేళ్ల తర్వాత, 2018 నవంబరులో, ఇంధన పన్ను మీద మండిపడ్డ జనం ప్రతి కారులోనూ ఉన్న ఆ కోటే తొడుక్కుని రోడ్డెక్కారు. సర్కారు కొనిపించిన కోటు సర్కారు మీద తిరుగుబాటుకే యూనిఫాం అయింది!

స్పెయిన్ కథ ఇంకా విచిత్రం. ట్రయాంగిల్ పెట్టడానికి హైవే మీద నడిచి వెళ్తున్నవాళ్లే బండ్ల కింద పడుతున్నారని అక్కడ గ్రహించారు. 2026 జనవరి నుంచి ఆ దేశపు కార్లకు ట్రయాంగిల్ బదులు, కిటికీలోంచి చెయ్యి చాచి కారు టాపు మీద అంటించే మెరుపు దీపం వచ్చింది. కారు ఎక్కడ ఆగిందో కూడా అదే కబురు పంపుతుంది.

మన డెల్టాలో ఆ పనికి రాళ్లున్నాయి. రేపల్లె, బాపట్ల మీదుగా పోయే 216 హైవే మీద లోడు ట్రాక్టరు యాక్సిల్ విరిగి ఆగితే, వెనక నాలుగు రాళ్లు పేర్చి తుమ్మకొమ్మ గుచ్చుతారు. పగలు పర్వాలేదు. సంక్రాంతి ముందు మంచులో రాయి కనపడి చావదు. ట్రయాంగిల్ అయితే హెడ్‌లైటు వెలుగును తిప్పి డ్రైవరు కళ్లలోకే కొడుతుంది. రిపేరయ్యాక ట్రాక్టరు వెళ్లిపోతుంది, రాళ్లు అక్కడే ఉంటాయి, మోటార్‌సైకిలువాడి కోసం. కొత్త కారు కొంటే ట్రయాంగిల్ డిక్కీలోనే వస్తుంది. దాన్ని పాలిథిన్ కవరులోంచి ఎప్పుడైనా తీశారా అని మన బంధువులనే అడిగి చూడండి.

విదేశంలో తోలాలనుకునేవాళ్లకు ఆర్టీఓ ఆఫీసు ఇచ్చే ఇంటర్నేషనల్ పర్మిట్ 1949 జెనీవా ఒప్పందం చలవ, ఏడాది చెల్లుతుంది. ఏ దేశంలో కారులో ఏ సామాను ఉండాలో మాత్రం అందులో ఉండదు. జర్మనీ ట్రయాంగిల్, ఫస్ట్ ఎయిడ్ కిట్టు, కోటు మూడూ అడుగుతుంది. పోలండ్ కారులో మంటలార్పే సిలిండరు ఉండాలి. బ్రిటన్ వీటిలో ఏదీ అడగదు. అద్దె కారు తాళం తీసుకునేముందే డిక్కీ తీయించి చూసుకోవాలి. ఫ్రాన్స్‌లో అయితే కోటు డిక్కీలో ఉంటే చాలదు. సీటు దగ్గరే ఉండాలి, దిగకముందే తొడుక్కోవాలి. లేకపోతే జరిమానా 135 యూరోలు.