బిగ్ డేటా విశ్లేషణ: నమోదైన విషయం, తెలుసుకోదలచిన విషయం

బిగ్ డేటాకు నేడు చెప్పే మూడు ప్రధాన లక్షణాలను, అంటే రాశి, వేగం, వైవిధ్యాలను, 2001లో డగ్ లేనీ సూత్రీకరించాడు. అయితే రాశి పెరిగినంత మాత్రాన ఫలితం నమ్మదగినది కాదు. నమోదైన విషయానికీ తెలుసుకోదలచిన విషయానికీ మధ్య ఎంత దూరం ఉందో చూడాలి. చిల్లర వర్తకం, నగర పాలన, వైద్యం అనే మూడు రంగాల్లో ఆ దూరం మూడు రకాలుగా కనిపిస్తుంది.

చిల్లర వర్తకం

ఏ సరుకు ఎక్కడ, ఎప్పుడు అమ్ముడవుతుందన్నది వర్తకుడికి కావాలి. బిల్లులో నమోదయ్యేదీ అదే. 2004లో ఫ్రాన్సిస్ తుపాను ఫ్లోరిడా వైపు వస్తుండగా, కొద్ది వారాల ముందటి చార్లీ తుపాను నాటి అమ్మకాలను వాల్‌మార్ట్ పరిశీలించింది. తుపానుకు ముందు స్ట్రాబెర్రీ పాప్‌టార్ట్‌ల అమ్మకం మామూలుకు 7 రెట్లు పెరుగుతుందని తేలింది. వెంటనే ఆ సరుకును లారీల్లో దుకాణాలకు పంపారు. ఇలాంటి అంచనా తప్పితే మిగిలేది అమ్ముడుపోని సరుకే.

నగర పాలన

బోస్టన్ నగరపాలన రోడ్ల గుంతలను గుర్తించడానికి ‘స్ట్రీట్ బంప్’ అనే యాప్‌ను వాడింది. కారు కుదుపును డ్రైవరు ఫోనులోని త్వరణమాపకం పసిగట్టి, ఆ చోటును నమోదు చేస్తుంది. కానీ ప్రతి కుదుపూ గుంత కాదు. మ్యాన్‌హోల్ మూత మీదుగా వెళ్లినా కారు కుదుపుతుంది. పైగా స్మార్ట్‌ఫోన్లు తక్కువగా ఉన్న పేదల, వృద్ధుల వాడల్లో గుంతలున్నా లెక్కకు రావు. ఈ లోపాన్ని ముందే గ్రహించి, అన్ని ప్రాంతాలూ తిరిగే నగర రోడ్డు తనిఖీదారులకే మొదట యాప్‌ను ఇచ్చారు.

వైద్యం

వైద్యంలో ఈ దూరం ప్రాణాల మీదికి వస్తుంది. 2008లో మొదలైన ‘గూగుల్ ఫ్లూ ట్రెండ్స్’ జనం వెతికిన పదాల ఆధారంగా ఫ్లూ వ్యాప్తిని అంచనా వేసేది. 2012–13 శీతాకాలంలో అది అమెరికాలోని ఫ్లూ తీవ్రతను బాగా ఎక్కువగా చూపింది. జబ్బు లేనివారు కూడా దాని గురించి వెతుకుతారు కదా.

2019లో ‘సైన్స్’ పత్రికలో ఒబర్‌మేయర్ బృందం ప్రచురించిన అధ్యయనం ఇంతకంటే లోతైన లోపాన్ని బయటపెట్టింది. అమెరికాలో ప్రత్యేక సంరక్షణ ఎవరికి అవసరమో నిర్ణయించే ఒక అల్గారిథమ్, రోగి అనారోగ్యానికి బదులు అతని వైద్య ఖర్చును అంచనా వేసేది. నల్లజాతివారికి వైద్యం సులభంగా అందదు కనుక, అంతే జబ్బు ఉన్నా వారి మీద అయ్యే ఖర్చు తక్కువ. దానితో వారి అవసరమూ తక్కువగానే లెక్కకు వచ్చింది. ఈ వివక్షను తొలగిస్తే అదనపు సంరక్షణ పొందేవారిలో నల్లజాతివారి వాటా 17.7 నుంచి 46.5 శాతానికి పెరుగుతుందని అధ్యయనం తేల్చింది.

దిద్దుబాటు

ఖర్చుతో పాటు ఆరోగ్యస్థితిని కూడా అంచనాలో చేర్చినప్పుడు ఆ పక్షపాతం 84 శాతం తగ్గింది. అందుకోసం కొత్తగా డేటా సేకరించనక్కర లేకపోయింది; దేన్ని అంచనా వేయాలన్న నిర్ణయాన్ని మార్చుకుంటే సరిపోయింది. కాబట్టి ఏ రంగంలోనైనా విశ్లేషణకు పూనుకునే ముందే రెండు విషయాలు తేల్చుకోవాలి: లెక్కలోకి రానివారు ఎవరు, కొలుస్తున్నది దేనికి బదులుగా నిలుస్తోంది.