జంతువిష ఆధారిత పురుగుమందులు

జంతువిష ఆధారిత పురుగుమందులు అనగా సాలెపురుగు, తేలు వంటి జీవుల విషములోని అణువులను గాని, వాటి నమూనాలో తయారైన పదార్థములను గాని వాడి రూపొందించిన సస్యరక్షణ మందులు. పంటను తిను పురుగును చంపుచు, తేనెటీగలకు, చేపలకు, మందు చల్లు రైతుకు హాని కలిగించకుండుట వీటి లక్ష్యము. విషము ప్రకృతి నుండి వచ్చినంత మాత్రమున ఈ లక్ష్యము నెరవేరదు. అందలి ఏ అణువును ఎన్నుకొన్నారన్నదే ముఖ్యము.

విషములోని అణువులు

సాలెపురుగుల ముఖ్య ఆహారము కీటకములు. ఒక్క సాలెపురుగు విషములోనే అనేక పెప్టైడులు (చిన్న ప్రోటీనులు) కలిసి ఉండును. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రములో ఉండు హాడ్రోనైకీ వెర్సూటా అను సాలెపురుగు ఇందుకు ఉదాహరణ. ఇది గరాటు ఆకారపు గూడు కట్టుకొనును. దీని కాటు మనుషులకు ప్రమాదకరము. అయితే మనిషిని బాధించు పెప్టైడు వేరు, కీటకములను చంపు హెచ్‌వీ1ఏ అను పెప్టైడు వేరు. పురుగుమందుకు ఈ రెండవదానిని మాత్రమే తీసుకొందురు.

చరిత్ర

జపానులో చేపలకు ఎరగా వాడు ఒక సముద్రపు పురుగుపై వాలిన ఈగలు చనిపోవుచుండెడివి. ఆ పురుగు నుండి 1934లో నిట్టా అను శాస్త్రవేత్త నెరీస్టాక్సిన్ అను విషపదార్థమును వేరుచేసెను. దాని నమూనాలో జపానుకు చెందిన టకేడా సంస్థ 1960వ దశకములో కార్టాప్ అను మందును తయారుచేసినది. తెలుగు రైతులు వరిలో కాండం తొలుచు పురుగుకు, ఆకుముడతకు వాడు కార్టాప్ హైడ్రోక్లోరైడు గుళికలలో ఉన్నది ఈ మందే. ఇది కీటకము శరీరములో నెరీస్టాక్సిన్‌గా మారి నాడీ గ్రాహకములను అడ్డగించును. అటువంటి గ్రాహకములు ఇతర జీవులలోను ఉన్నందున ఇది పురుగులకు మాత్రమే పరిమితమైన విషము కాదు. చేపలకు ఇది హానికరము.

1991లో ఉత్తర ఆఫ్రికా తేలు విషములోని ఏఏఐటీ అను పెప్టైడు జన్యువును గొంగళిపురుగులకు సోకు బాక్యులో వైరసులో చేర్చిరి. వైరసు పురుగును త్వరగా చంపినది గాని, ఈ పద్ధతి వాణిజ్య ఉత్పత్తిగా మారలేదు.

గ్లెన్ కింగ్ అను శాస్త్రవేత్త హెచ్‌వీ1ఏ తరగతి పెప్టైడులపై పరిశోధించి 2001లో అమెరికాలో ఒక సంస్థను స్థాపించెను. తరువాత వెస్టరాన్ అని పేరు పొందిన ఈ సంస్థ పెప్టైడుకు 2014లో అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ అనుమతి లభించినది. స్పియర్ అను పేరుతో వచ్చిన ఈ మందుకు 2020లో అమెరికా ప్రభుత్వపు హరిత రసాయనశాస్త్ర పురస్కారము దక్కినది.

తయారీ, పనిచేయు విధానము

ఈ మందు కొరకు సాలెపురుగులను పెంచి విషము పిండవలసిన పని లేదు. పెప్టైడు జన్యువును ఈస్టులో చేర్చి, పులియబెట్టు పద్ధతిలో ఉత్పత్తి చేయుదురు. వాడిన తరువాత ఇది సాధారణ ప్రోటీను వలె విచ్ఛిన్నమై అమైనో ఆమ్లములుగా మారును.

పెప్టైడు అణువు పెద్దది. సాలెపురుగు దానిని కోరతో నేరుగా ఒంటిలోనికి ఎక్కించును గాని, ఆకుపై చల్లిన మందుకు ఆ వీలు లేదు. పురుగు తిన్నను అది పేగు గోడను దాటి నాడులను చేరుట కష్టము. అందువలన గొంగళిపురుగులపై వాడునపుడు బీటీ (బాసిల్లస్ తురింజియెన్సిస్) మందును కొద్ది మోతాదులో కలుపుదురు. బీటీ పేగు గోడకు రంధ్రములు చేయగా, పెప్టైడు ఆ దారిన లోనికి ప్రవేశించును.

మరొక మార్గము, స్నోడ్రాప్ మొక్కలోని లెక్టిన్ అను ప్రోటీనుకు పెప్టైడును జతచేయుట. లెక్టిన్ దానిని పేగు గోడ దాటించును. ఈ జంట ప్రోటీనును తేనెటీగలకు తినిపించి బ్రిటన్ పరిశోధకులు 2014లో ఫలితములు ప్రచురించిరి. తేనెటీగల నేర్చుకొను శక్తికి, జ్ఞాపకశక్తికి గుర్తించదగిన హాని కనబడలేదు.

ప్రాముఖ్యము, పరిమితులు

ఒకే రకపు మందును పదేపదే చల్లిన పొలములో పురుగులు దానికి తట్టుకొను శక్తిని సంపాదించుకొనును. రైతు మోతాదు పెంచును, ఖర్చు పెరుగును, మిత్రకీటకములు నశించును. కీటకనాశినుల వర్గీకరణలో స్పియర్ 32వ వర్గమునకు, కార్టాప్ 14వ వర్గమునకు చెందినవి. వేర్వేరు వర్గముల మందులను మార్చి మార్చి వాడినచో ఈ సమస్య తగ్గును. అయినను కొత్త పెప్టైడులకు సైతము పురుగులు ఎన్నటికీ అలవాటుపడవని చెప్పుటకు వీలులేదు.

విషము నుండి పుట్టిన మందులన్నియు ఒకే విధమైనవి కావు. కనుక "జీవ సంబంధము" అన్న మాట చూచి జాగ్రత్తలు విడువరాదు. ఏ మందునైనను డబ్బాపై ముద్రించిన మోతాదులోనే, చేతితొడుగులు, ముఖమునకు రక్షణ ధరించియే చల్లవలెను.