కార్పె: ఒట్టు పెట్టడం మానేసిన గొంతులు

1990లలో నార్వే రాజధాని ఓస్లో కుర్రాళ్లు ర్యాప్ ఎక్కువగా ఇంగ్లిష్‌లోనే చేసేవారు. 2000 ప్రాంతంలో ఉత్తరాన ఉన్న బోడో పట్నం నుంచి తుంగ్త్‌వాన్ బృందం తమ యాసలోనే పాడి, నార్వే భాషలోనూ హిప్-హాప్ పండుతుందని చూపింది. ఓస్లో ర్యాపర్లు మాగ్దీ అబ్దెల్‌మగీద్, చిరాగ్ పటేల్ జట్టు కట్టిందీ 2000లోనే. మాగ్దీ తండ్రిది ఈజిప్టు, తల్లిది నార్వే. చిరాగ్‌ది గుజరాతీ హిందూ కుటుంబం. తొలినాళ్లలో వీళ్లు ‘కార్పె దియెమ్’, తర్వాత ఉత్త ‘కార్పె’.

వాళ్ల పాత ఆల్బమ్‌ల పేర్లు వరసగా చదివితే నమ్మించాలన్న ఆత్రం కనిపిస్తుంది. 2006 నాటి ‘రెట్ ఫ్రా యెర్తె’ అంటే నేరుగా గుండెలోంచి. 2010లో వచ్చినదాని పేరు, అబద్ధం ఎన్నడూ అమ్మలేదని. 2012 నాటిది అచ్చంగా నార్వే పిల్లలు పెట్టే ఒట్టే: మెడ మీద శిలువ, గుండెలో పది కత్తులు, అమ్మానాన్నల చావు. అంతకు ముందు ఏడాది జులై 22న, ముస్లిములన్నా వలస జనమన్నా పగబట్టిన ఒక నార్వేజియన్ ఓస్లోలోనూ ఉతోయా దీవిలోనూ 77 మందిని చంపాడు. ఆ గాయం ఆరకముందే అరబ్బు పేరున్నవాడూ పటేల్ పేరున్నవాడూ కలిసి అంత ఒట్టు పెడితే, నాకది పిల్లల ఆటలా వినిపించదు.

‘హెయ్‌సాన్ మాంటెబెల్లో’తో ఆ తీరు మారింది. 2015 నుంచి ఒక్కో పాటా విడుదల చేస్తూ వచ్చి, 2016లో ఆల్బమ్‌గా కూర్చారు. మాంటెబెల్లో ఓస్లో పశ్చిమాన డబ్బున్నవాళ్ల పేట. ఇక్కడ సంజాయిషీ లేదు, నిలదీయడమే. యాభైకి చేరువవుతున్న తెల్ల మగాళ్ల పేరు మీదే ఒక పాట ఉంది. 2019 ఆల్బమ్ పేరులోని ‘సాస్ ప్లస్’ అప్పట్లో స్కాండినేవియన్ ఎయిర్‌లైన్స్‌లో ఖరీదైన తరగతి. అందులో పదును ఉంది కానీ, నా మటుకు ‘హెయ్‌సాన్ మాంటెబెల్లో’లో ఉన్నంత లోతు లేదు.

2022 నాటి ‘ఒమర్ షెరిఫ్’ ఆల్బమ్ పేరులో ఈజిప్టు నటుడు ఒమర్ షరీఫ్ ధ్వనిస్తాడు. అందులోని ‘బరఫ్/ఫైరూజ్’ అన్న పాట పేరే చూడండి. బరఫ్ అంటే మంచు అని హైదరాబాదువాళ్లకు చెప్పనక్కరలేదు. ఫైరూజ్ లెబనాన్ మహాగాయని. ఈ రెండు పేర్లూ నార్వే శ్రోతకు విప్పి చెప్పే పూచీ వాళ్లు పెట్టుకోలేదు. అర్థం కావాలంటే శ్రోతే ముందుకు రావాలి, వచ్చాడు కూడా. ఆ ఆగస్టులో ఓస్లో స్పెక్ట్రమ్ అరీనా వారి కోసం 10 కచేరీలకు నిండింది.

పాత పాటల్లోని చనువు, గబుక్కున నోటికెక్కే పల్లవులు ‘ఒమర్ షెరిఫ్’లో తగ్గాయి. ఆ లోటు నిజమే. అయినా వాళ్ల పనిలో ఇదే మిన్న. కొత్తగా వినేవాళ్లు ‘ఒమర్ షెరిఫ్’తో మొదలుపెట్టి, ఆ తర్వాత 2012 ఆల్బమ్‌కు వెళ్లండి.