వైద్యవిద్యలో ప్రమాణ విచారం

ఒక ఔషధం రోగాన్ని నయం చేస్తుందని మనకెలా తెలుస్తుంది? పెద్దలు చెప్పినందువల్లనా, కళ్లారా చూసినందువల్లనా, లేక ఊహించినందువల్లనా? ఈ ప్రశ్న ఆధునిక ప్రయోగశాలలో పుట్టినది కాదు. క్రీస్తుశకం తొలి శతాబ్దాల నాటికి రూపుదిద్దుకొన్న చరకసంహిత దీనిని సూత్రస్థానంలోనే విచారణకు తీసుకొన్నది.

సూత్రస్థానం 11వ అధ్యాయం నాలుగు ప్రమాణాలను పేర్కొన్నది: ఆప్తోపదేశం, ప్రత్యక్షం, అనుమానం, యుక్తి. మొదటి మూడూ ఇతర దర్శనాలలోనూ కనిపిస్తాయి. యుక్తికి ప్రత్యేక స్థానమివ్వడం చరకుని విశిష్టత. అనేక కారణాలు కూడి ఒక కార్యాన్ని ఎట్లా సాధిస్తాయో గ్రహించే బుద్ధియే యుక్తి. నీరు, దున్నిన నేల, విత్తనం, ఋతువు కలిస్తేనే పైరు పండుతుందన్నది అక్కడి దృష్టాంతం. చికిత్స కూడా అటువంటిదే. మందు మంచిదైనా మోతాదు, కాలం, రోగి బలం అనుకూలించకపోతే ఫలితం దక్కదు.

ప్రత్యక్షమే సర్వస్వమనే వాదాన్ని ఆ గ్రంథం అంగీకరించలేదు. అతి సమీపంలోనివీ, అతి దూరంలోనివీ, మరుగుపడినవీ ఇంద్రియాలకు అందవని హెచ్చరించింది. రోగిని నాలుకతో తప్ప తక్కిన ఇంద్రియాలన్నింటితోనూ పరీక్షించమని విమానస్థానం చెబుతుంది. రుచిని మాత్రం అనుమానంతో తెలుసుకోవాలి. ఒంటిమీద ఈగలు ముసిరితే శరీరంలో మాధుర్యం హెచ్చిందని వైద్యుడు గ్రహిస్తాడు. తోటి వైద్యులతో చేసే చర్చ జ్ఞానాన్ని వృద్ధి చేస్తుందని చెప్పి, ఆ చర్చకు నియమాలను సైతం విధించింది.

ఈ నాలుగు ప్రమాణాలూ 20వ శతాబ్దంలో ఒక వేరు విషయమై పరీక్షకు నిలిచాయి. ఉన్మాదానికీ, నిద్రలేమికీ, పాముకాటుకూ సర్పగంధ వేరును వాడటం మన దేశంలో చిరకాలంగా ఉన్నది. ఇది ఆప్తోపదేశం. 1931లో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ ఆ వేరు ఉన్మాదాన్నే గాక రక్తపోటును కూడా తగ్గిస్తున్నదని ప్రకటించారు. ఆ సంవత్సరమే ఢిల్లీలో సలీముజ్జమాన్ సిద్దిఖీ, రఫత్ హుస్సేన్ సిద్దిఖీ దాని నుండి క్షారాలను వేరుచేసి, ఒకదానికి హకీం అజ్మల్ ఖాన్ పేరిట అజ్మలీన్ అని నామకరణం చేశారు. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ 50 మంది రోగులలో గమనించిన ఫలితాలను బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో ప్రచురించారు. 1952లో స్విట్జర్లాండు శాస్త్రజ్ఞులు రెసర్పిన్‌ను వేరుచేయడంతో సర్పగంధ ప్రపంచ వైద్యంలో ప్రవేశించింది.

అయితే విచారణ అక్కడితో ముగియలేదు. రెసర్పిన్ వాడిన కొందరిలో తీవ్రమైన మానసిక కుంగుబాటు కనిపించినట్లు 1950వ దశకంలోనే నివేదికలు వెలువడ్డాయి. ఆ సంబంధం ఎంతవరకు వాస్తవమన్న చర్చ తరువాత దశాబ్దాల పాటు సాగింది. ఇక పాముకాటు విషయంలో నేడు ప్రాణాధారం విషనిరోధక సీరమే గాని ఆ వేరు కాదు. ఒకే సంప్రదాయం ఒకే వేరును గురించి చెప్పిన మాటలలో ఒకటి నిలిచింది, మరొకటి నిలవలేదు.

ఇందులో గ్రహించవలసిన విషయం స్పష్టం. సంప్రదాయాన్ని మొత్తంగా తలకెత్తుకొన్నవాడు పాముకాటు తిన్నవానికి వేరు అరగదీసి ఇస్తూ విలువైన గడియలను పోగొడతాడు. మొత్తంగా తోసిపుచ్చినవాడు రక్తపోటు రోగికి ఒక మందు దొరికే అవకాశాన్నే మూసివేస్తాడు. ఆప్తవాక్యం ఎక్కడ వెదకాలో చూపుతుంది. ప్రత్యక్షం, అనుమానం, యుక్తి దానిని తేల్చుతాయి. మందు పుచ్చుకొనే రోగికి ప్రమాణ విచారం పండితుల వినోదం కాదు, ప్రాణసమస్య. చరకసంహిత దానిని వైద్యగ్రంథంలో భాగం చేయడంలోని ఔచిత్యం కూడా ఇదే.