సంఘలాంఛనము: పూర్వముద్రల పాఠము

ధర్మకార్యములకై యేర్పడిన మన సంఘమునకు లాంఛన మెట్టిదై యుండవలెనని సభ్యులు తర్కించుచున్నారు. గజలక్ష్మి కావలెనని కొందఱు, మూలపురుషుని చిత్తరువు కావలెనని కొందఱు, అన్నియు నొక్కచోఁ గూర్పవలెనని మఱికొందఱు. ఈ విషయమునఁ జరిత్ర చెప్పునది విన్నవించెదము.

ఇందుకై దూరము పోనక్కఱలేదు. అనకాపల్లి చెంత శంకరము బొజ్జన్నకొండపై 1907 ప్రాంతమున అలెగ్జాండరు రీ దొర త్రవ్వించినపుడు మట్టిముద్రలును, వేంగీచాళుక్యుఁడగు కుబ్జవిష్ణువర్ధనుని రాగినాణెములును లభించినవి. ఆ వంశమువారి తామ్రశాసనముల రేకులను గూర్చు కడియముపై ముద్ర యుండును. అందు "శ్రీ త్రిభువనాంకుశ" యను నక్షరములు, వరాహము, అంకుశము, పద్మము, సూర్యచంద్రులు కానవత్తురు. కళింగగాంగుల ముద్రపై నంది. ఆ ముద్రలు కేవలాలంకారములు గావు. దానము పొందినవాని చేతిలో "ఇది సత్యము" అని పలుకు సాక్షులు. అరచేత నిముడునంతటివి. అక్షరము రానివాఁడును వరాహమును, నందిని వేఱుపఱుపవచ్చును.

పాశ్చాత్యుల తీరును నిట్టిదే. 1864 జెనీవా యొడంబడిక, క్షతగాత్రులను గాచువారికిఁ దెల్లని వస్త్రముపై నెఱ్ఱని సిలువను గుఱుతుగా నొసఁగెను. అది స్విట్జర్లాండు ధ్వజపు రంగులను దాఱుమాఱు చేసినది. దూరమునుండి పోల్చుకొనఁ దగుటయే దాని బలము.

పెక్కు గుఱుతులు కూడవని మే మనము. 1926లో స్థాపితమైన ఆంధ్రవిశ్వకళాపరిషత్తునకుఁ గౌతా రామమోహనశాస్త్రిగారు రచించిన లాంఛనమున నుదయభానుఁడు, పద్మము, స్వస్తికము, సర్పద్వయము గలవు. అయినను సూర్యుఁడు పరిషత్తు, కిరణములు విద్యాశాఖలు. అర్థము లేని రేఖ లేదు.

మన నిధి పేదవిద్యార్థులది. కావున దీపమొకటి, క్రింద సంఘనామము తెలుఁగులిపిలో నుండినఁ జాలునని మా యభిప్రాయము. రసీదుపై నొక్క సిరాతో నద్దినను స్పష్టముగ నుండవలెను. అశోకస్తంభసింహములను, ఎఱ్ఱసిలువను అనుమతి లేక వాడరాదని శాసనములు నిషేధించుచున్నవి. వాని జోలికిఁ బోరాదు.

మూలపురుషుని చిత్తరువు సభామందిరమున వెలయుఁగాక; ముద్రపై వలదు. ఏలన, రేపు మన సాయ మందుకొను బాలుఁడు మన కులమువాఁడు గాకపోవచ్చును. లాంఛన మిచ్చువాని ఘనతను జాటుటకంటెఁ బుచ్చుకొనువానికి నమ్మిక గలిగించుట మేలు. సభవారు విచారించి నిర్ణయింతురుగాక.