ఒక మరణం, రెండు చర్చిలు

ఇంగ్లండు ఉత్తరభాగాన యార్క్‌షైర్‌లో రిపన్ అనే చిన్న పట్టణం ఉంది. దానికి ఆగ్నేయంగా కొద్ది మైళ్ళ దూరంలో న్యూబీ హాల్, నైరుతి దిశలో స్టడ్లీ రాయల్ అనే రెండు పాత ఎస్టేటులు ఉన్నాయి. ఈ రెండు చోట్లా 1871లో ఒక్కొక్క చర్చి నిర్మాణం మొదలైంది. రెండింటికీ రూపకల్పన చేసినవాడు విలియం బర్జెస్. రెండూ ఒకే యువకుని స్మృతికై వెలసినవి. ఒకదానిని అతని తల్లి, మరొకదానిని అతని అక్క కట్టించారు.

విక్టోరియా రాణి కాలంనాటి ఎస్టేటు చర్చి ఎటువంటిదో ముందుగా కొంత తెలుసుకోవాలి. మన జమీందారులు కోటలో కులదైవానికి గుడి కట్టించుకున్నట్లే, అక్కడి భూస్వాములు తమ ఉద్యానవనంలో ప్రార్థనాలయం కట్టించుకునేవారు. ఖర్చు వారిది, స్థలం వారిది, వాస్తుశిల్పి ఎంపిక కూడా వారిదే. ఆదివారం నాడు ముందు వరుసలో యజమాని కుటుంబం, వెనుక నౌకర్లు, కౌలుదార్లు కూర్చునేవారు. చుట్టుపక్కల గ్రామస్థులు వచ్చినా, అది ఎవరి చర్చి అన్న విషయం ఎవరూ మరచిపోయేవారు కారు. ఇక ఆ కాలపు అభిరుచి గోథిక్ శైలి మీద ఉండేది. మధ్యయుగపు చర్చిలే నిజమైన క్రైస్తవ కట్టడాలనీ, వాటిని పునరుద్ధరించాలనీ విద్యావంతులు గాఢంగా నమ్మేవారు. ఇలాంటి చర్చిలు ఆ దేశంలో చాలా ఉన్నాయి. ఈ రెండింటి ప్రత్యేకత అంతా వాటి వెనుకనున్న కథలో ఉంది.

1870 ఏప్రిల్ 11న గ్రీసు దేశంలో కొందరు ఆంగ్లేయులు మారథాన్ యుద్ధభూమిని చూసి ఏథెన్సుకు తిరిగి వస్తుండగా బందిపోట్లు వారిని అడ్డగించి పట్టుకున్నారు. స్త్రీలను త్వరలోనే వదిలివేశారు. సొమ్ము తెచ్చేందుకు లార్డ్ మంకాస్టర్‌ను పంపించారు. చివరకు నలుగురు మిగిలారు. వారు బ్రిటిష్ రాయబార కార్యదర్శి ఎడ్వర్డ్ హెర్బర్ట్, న్యాయవాది ఎడ్వర్డ్ లాయిడ్, ఇటలీ రాయబార కార్యాలయానికి చెందిన కౌంట్ డి బోయిల్, ఇరవై మూడేళ్ళ ఫ్రెడరిక్ వైనర్. ఎవరు విడుదల కావాలో చీట్లు వేస్తే ఆ అదృష్టం వైనర్‌కే దక్కిందనీ, మంకాస్టర్ పెళ్ళయినవాడు గనుక అతనికి దానిని వదలుకున్నాడనీ ఒక కథ ప్రచారంలో ఉంది.

విడుదలకు అడిగిన ధనం ఒక్కటే అయితే వ్యవహారం తేలిపోయేదే. బందిపోట్లు క్షమాభిక్ష కూడా కోరారు. అది రాజ్యాంగ విరుద్ధమని గ్రీకు ప్రభుత్వం నిరాకరించింది. సైన్యం చుట్టుముట్టింది. పారిపోతూ బందిపోట్లు ఏప్రిల్ 21న దిలేసీ గ్రామ సమీపంలో నలుగురినీ చంపివేశారు. బ్రిటన్‌లో ఈ వార్త ఎంతటి ఆగ్రహాన్ని రేపిందంటే, గ్రీసుపై సైనిక చర్య తీసుకోవాలని కూడా కొందరు కోరారు.

వైనర్ విడుదలకై కుటుంబం సమకూర్చిన సొమ్ముతోనే ఈ చర్చిలు కట్టారని ఆ ప్రాంతంలో చెప్పుకుంటారు. అందులో నిజమెంతైనా, ఆ మాట అంతకాలం నిలిచిందంటే కారణం ఊహించవచ్చు. బిడ్డను విడిపించలేకపోయిన ధనం మరి దేనికి ఖర్చు కావాలి?

బర్జెస్ (1827–1881) పదమూడవ శతాబ్దపు ఫ్రెంచి గోథిక్ మీద ప్రాణం పెట్టుకున్న మనిషి. వేల్సులో కార్డిఫ్ కోటకు, ఐర్లండులో కార్క్ నగరపు కెథెడ్రల్‌కు రూపమిచ్చినవాడు. బొంబాయి కళాశాలకు కూడా నమూనా గీశాడు గానీ అది కట్టడం దాకా రాలేదు. గోడ, శిల్పం, గాజు, చెక్కపని అన్నీ ఒకే భావానికి లోబడి ఉండాలన్నది అతని పట్టుదల. శిల్పి థామస్ నికోల్స్ వంటివారు ఏళ్ళ తరబడి అతనితో కలిసి పనిచేశారు.

తల్లి లేడీ మేరీ వైనర్ న్యూబీలో కట్టించిన చర్చి పేరు 'ఓదార్చే క్రీస్తు'. ఆ పేరులోనే దాని ఉద్దేశం తెలిసిపోతుంది. వెలుపలి గోడలు బూడిదరంగు రాయి, లోపల తెల్లని సున్నపురాయి, దానిపై రంగురంగుల పాలరాతి పని. బలిపీఠం ఉండే భాగం మన గర్భాలయం వంటిది. దానికి దారితీసే తోరణం పైన క్రీస్తు ఆరోహణ దృశ్యాన్ని చెక్కారు. లోపలికి వచ్చినవారి చూపు సహజంగానే పైకి, ఆకాశానికి వెళుతున్న ఆ రూపం మీదికి పోతుంది. 1876లో పని పూర్తయింది.

అక్క హెన్రియెట్టా లార్డ్ రిపన్ భార్య. ఆమె స్టడ్లీ రాయల్‌లో కట్టించిన సెయింట్ మేరీ చర్చి 1878లో పూర్తయింది. జింకలు తిరిగే వనంలో, బారులు తీరిన చెట్ల మధ్య సాగే పొడవైన బాట కొసన అది నిలబడి ఉంటుంది. ఆ బాటవెంట ఎదురుగా చూస్తే రిపన్ కెథెడ్రల్ కనిపిస్తుంది. జనం కూర్చునే భాగం కాస్త నిరాడంబరంగానే ఉంటుంది. బలిపీఠం వైపు నడుస్తున్న కొద్దీ రంగులు చిక్కబడతాయి. కిటికీలకు లోపలివైపు రెండవ పొరగా రాతి అల్లిక, పైకప్పున బంగారు కాంతిలో దేవదూతలు, గాయకుల ఆసనాల మీద చెక్కిన రంగురంగుల చిలకలు కనిపిస్తాయి. కోల్పోయిన స్వర్గాన్ని తిరిగి పొందడమే ఇక్కడి ఇతివృత్తం. తల్లి ఓదార్పు కోరుకున్నది. అక్క చర్చిలో పునఃప్రాప్తి ఆశ ప్రధానమైంది. ఒకే దుఃఖానికి ఒకే శిల్పి రెండు సమాధానాలు చెప్పాడని నాకు అనిపిస్తుంది.

ఈ కథలో మనకు తెలిసిన మనిషి లార్డ్ రిపన్. భార్య ఆంగ్లికన్ చర్చి గోడలు లేస్తుండగానే, 1874లో ఆయన కేథలిక్ మతం స్వీకరించి ఇంగ్లండును నివ్వెరపరచాడు. తన వనంలోని చర్చి తన మతానికి చెందనిదైంది. 1880 నుండి 1884 వరకు భారతదేశానికి వైస్రాయిగా ఉండి, 1882లో స్థానిక స్వపరిపాలన తీర్మానం తెచ్చాడు. మద్రాసు రాజధానిలో 1884 నాటి పురపాలక, లోకల్ బోర్డు చట్టాలు ఆ బాటలోనే వచ్చాయి. మన కోస్తా, రాయలసీమ ఊళ్ళ స్థానిక పాలన వాటి నీడలో పెరిగింది. మద్రాసు కార్పొరేషను భవనానికి 1913లో ఆయన పేరే పెట్టారు. 1909లో మరణించిన రిపన్‌ను సెయింట్ మేరీ చర్చిలోనే, రెండేళ్ళ ముందు పోయిన భార్య పక్కన ఉంచారు. జీవితంలో వేరైన మతం సమాధి దగ్గర అడ్డు రాలేదు.

స్టడ్లీ రాయల్ భవంతి 1946లో కాలిపోయింది. చర్చి మాత్రం నిలిచింది. అది ఇప్పుడు ప్రభుత్వ రక్షణలో ఉంది. న్యూబీ చర్చి 1991 నుండి పాత చర్చిలను కాపాడే ఒక ట్రస్టు చేతిలో ఉంది. ఒక కుటుంబం తన కోసం కట్టుకున్నవి నేడు అందరూ చూడవచ్చు. వెళ్ళే అవకాశం కలిగినవారు ముందు న్యూబీ చూసి, ఆ తరువాత స్టడ్లీకి వెళ్ళడం మంచిది. తల్లి మాట విన్న తరువాతే కూతురి మాట బాగా అర్థమవుతుంది.