దైవం దయ్యమైన తీరు: యూద, క్రైస్తవ, ఇస్లాం సంప్రదాయాల్లో దుష్టశక్తి వాచకాలు

ఉపోద్ఘాతం

తెలుగులో 'దయ్యం' సంస్కృత 'దైవ' శబ్దానికి తద్భవం. ప్రాచీన వాఙ్మయంలో దీనికి దేవుడు, విధి అనే అర్థాలు కూడా ఉండేవి. కాలక్రమంలో పిశాచార్థమే మిగిలింది. ఈ అర్థాపకర్ష తెలుగుకే పరిమితం కాదు. పశ్చిమాసియాలో పుట్టిన మూడు ఏకేశ్వర మతాల చరిత్రలోనూ ఇలాంటి పరిణామం కనిపిస్తుంది. అయితే అది మూడింటిలోనూ ఒకే విధంగా జరగలేదు. ఆ భేదాన్ని మూలపదాల ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

యూద సంప్రదాయం

హీబ్రూలో 'సాతాన్' మొదట వ్యక్తినామం కాదు. ఎదిరించేవాడు, నేరం మోపేవాడు అని దాని అర్థం. సంఖ్యాకాండం 22వ అధ్యాయంలో బిలాము దారికి అడ్డంగా నిలిచిన దేవదూత విషయంలోనే ఈ మాట ప్రయుక్తమైంది. యోబు గ్రంథంలో ఇది నిర్దేశక ఉపపదంతో వస్తుంది. అక్కడ అతడు దైవసభలో ఒకడు, దేవుడు గీసిన హద్దు దాటడు. దావీదు జనసంఖ్య తీయించిన కథలో మార్పు స్పష్టమవుతుంది. అతణ్ణి ప్రేరేపించింది యెహోవా కోపమని రెండవ సమూయేలు 24 చెబితే, అదే కథను తిరిగి చెప్పిన మొదటి దినవృత్తాంతాలు 21 ఆ పనిని సాతానుకు అంటగట్టింది. ఇక్కడ ఉపపదం లేదు. కీడును దేవునికి ఆపాదించడానికి తరువాతి రచయిత సంకోచించాడని దీన్నిబట్టి ఊహించవచ్చు.

'షేదీమ్' అనే మరో మాట హీబ్రూ బైబిలులో రెండుచోట్లే ఉంది (ద్వితీయోపదేశకాండం 32:17, కీర్తన 106:37). దీనికి సంబంధించిన అక్కాదియన్ 'షేదు' పదం రక్షకదేవతను కూడా సూచించేది. పొరుగువారి దేవత ఇక్కడ దయ్యమైంది.

గ్రంథాల్లో ఇంత అరుదైన ఈ శక్తులు నిత్యజీవితంలో మాత్రం దట్టంగా ఉన్నాయి. మెసొపొటేమియాలో సుమారు 5–8 శతాబ్దాల నాటి మంత్రపాత్రలు ఇందుకు సాక్ష్యం. అరమాయిక్ మాండలికాలలో మంత్రాలు రాసిన ఈ మట్టిపాత్రలను ఇళ్లలో బోర్లించి పాతిపెట్టేవారు. కొన్నింటిలో లిలిత్‌ను విడాకుల పత్రం ఇచ్చి వెళ్లగొట్టారు. భార్యాభర్తలను విడదీసే ధర్మశాస్త్ర పత్రమే దయ్యాన్ని ఇంటి నుంచి విడదీసే మంత్రమైంది.

క్రైస్తవ సంప్రదాయం

హీబ్రూ బైబిలు గ్రీకు అనువాదం 'షేదీమ్'ను 'దైమోనియా' అన్నది. గ్రీకులో 'దైమోన్' మంచికీ చెడుకీ చెందని మధ్యస్థ శక్తి. సోక్రటీసును వారించిన అంతర్వాణికీ ఈ ధాతువు నుంచి వచ్చిన పేరే ఉంది. సువార్తలలో ఆ మధ్యస్థత పోయింది. మార్కు 5వ అధ్యాయంలో దయ్యాలు తమ పేరు 'లెగియోను' అని చెప్పుకుంటాయి. అది రోమన్ సేనావిభాగం పేరు. అవి ప్రవేశించిన సుమారు 2,000 పందులు సముద్రంలో పడి చస్తాయి. దయ్యం ఇక్కడ శత్రుసైన్యం. దాన్ని వెళ్లగొట్టడం దైవరాజ్యం సమీపించిందనడానికి సూచన.

ఇస్లాం సంప్రదాయం

ఖురాన్‌లోని జిన్నులు పొగలేని అగ్నితో సృష్టి అయినవి (55:15). 72వ సూరాలో కొందరు జిన్నులు ఖురాన్ విని విశ్వసిస్తారు. మనుషుల్లాగే వారిలోనూ విశ్వాసులు, అవిశ్వాసులు ఉన్నారు. ఇబ్లీసు జిన్నుల జాతివాడని 18:50 చెబుతుంది. అయితే 2:34లో అతని ప్రస్తావన దేవదూతలతో పాటు రావడంతో అతడి జాతి గురించి వ్యాఖ్యాతల మధ్య వాదం నడిచింది. ఇస్లాం పూర్వపు అరబ్బులు ఎరిగిన జిన్ను ఈ విధంగా దయ్యంగా దిగజారకుండానే ఏకేశ్వరవాదంలో చోటు సంపాదించింది.

ఉమ్మడి కథ, భిన్న తీర్పులు

మూడు సంప్రదాయాల్లోనూ సొలొమోను ఈ శక్తులతో పని చేయించుకున్నాడు. తాల్ముద్ గిత్తీన్ భాగంలో అష్మెదాయ్ అతణ్ణి మోసగించి సింహాసనం ఎక్కుతాడు. గ్రీకులోని 'సొలొమోను నిబంధన' చివర రాజు విగ్రహారాధనలో పడతాడు. ఖురాన్ మాత్రం సులైమాన్ అవిశ్వాసి కాడనీ, మంత్రవిద్య నేర్పింది షైతానులనీ అతణ్ణి నిర్దోషిని చేస్తుంది (2:102). కథ ఒక్కటే అయినా దోషం ఎవరిదన్న ప్రశ్నకు సమాధానాలు వేరు.

ముగింపు

తెలుగు బైబిలు 'దయ్యము', 'అపవాది', 'సాతాను' అనే మాటలను స్వీకరించింది. 'అపవాది' నింద మోపేవాడనే గ్రీకు 'దియాబొలొస్' అర్థాన్ని చక్కగా పట్టింది. 'దయ్యము' అనుకోకుండానే 'షేదు', 'దైమోన్'ల పతనచరిత్రను తనలోనూ మోస్తున్నది. అదే మాటను జిన్నుకు వాడితే మాత్రం, విశ్వసించిన జిన్నుకు చోటుండదు. అందువల్ల మతగ్రంథాల అనువాదాలనూ జానపద కథలనూ తులనాత్మకంగా చదివే పరిశోధకులు 'దయ్యం'ను ఉమ్మడి పారిభాషిక పదంగా వాడే ముందు అది ఏ మూలపదానికి బదులుగా నిలిచిందో నిర్ణయించుకోవడం అవసరం.